రక్తం వచ్చే పక్క

సోమవారం రాత్రి, తిరుపతి.

పొద్దున నా పళ్ళ క్లినిక్కుకి వచ్చిన నలుగురిలో ముగ్గురిదీ ఒకటే మాట. "తోముతా ఉంటే రక్తం వస్తా ఉండాది సార్, అందుకే ఆ పక్క తోమేది మానేసినా." వినడానికి న్యాయంగానే ఉంటుంది. పుండు మీద చెయ్యి పెట్టకూడదు గదా! కానీ ఇక్కడ లెక్క తలకిందులు. బ్రష్షు పొరపాటున గీసుకుంటే ఒకచోట, ఒక పూట మంటతో రక్తం వస్తుంది, రెండ్రోజుల్లో మానుతుంది. రోజూ వచ్చే రక్తం మాత్రం పాచి కదలకుండా కూర్చున్నందువల్ల. మానేసిన పక్క అది ఇంకా పేరుకుంటుంది.

చిగురుకీ పంటికీ మధ్య మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది. గీతలున్న ప్రోబ్‌ను (సన్నటి పుల్లలాంటి పరికరం) అందులోకి దించి కొలుస్తాం. దాని మొనను బొటనవేలి గోటి కింద పెట్టి నొప్పి లేకుండా నొక్కగలిగినంత ఒత్తిడి చాలు, దాదాపు 25 గ్రాములు. ఎక్కువ నొక్కితే మంచి చిగురూ రక్తం కారుస్తుంది, కొలత తప్పు వస్తుంది. 4, ఆపైన వస్తే పాకెట్, అంటే గాడి లోతై గుంట పడిందని. ఆ ముగ్గురిలో ఒకాయనకి కింది దవడపండ్ల దగ్గర 6 వచ్చింది, నొప్పి మాత్రం అణువంతైనా లేదు. ఈ చిగుళ్ళ జబ్బుతో వచ్చే చిక్కే అది.

గాడి అడుగున ఉండే కణాల అల్లిక వదులు. ఒంటి చర్మం ఇటుక గోడ అయితే ఇది తాటాకు తడిక. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా దాని సందుల్లోంచి కొంచెం ద్రవం, కొన్ని తెల్లకణాలు బయటికి వస్తూనే ఉంటాయి, కాపలా అన్నమాట. పాచి ముదిరేకొద్దీ గాడిలో గాలి తగలని చోట గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియా పెరుగుతాయి. వాటి పైపొరలోని లైపోపాలీశాకరైడ్ ముక్కల్ని కణాల మీదున్న టోల్ లైక్ రిసెప్టర్లు, ముఖ్యంగా 2, 4 రకాలు, గుర్తుపడతాయి. ఆ కబురు ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్ ద్వారా కణకేంద్రంలోకి పోతుంది. అక్కడినుంచి ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా, 6, 8 అనే కబురు మోసే ప్రోటీన్లు బయటికి వస్తాయి. 8వది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను పిలుస్తుంది. రక్తనాళాలు వెడల్పై కారతాయి, చిగురు ఉబ్బి ఎర్రబడుతుంది. లోపలి పొర పలచబడి అక్కడక్కడా చిరిగాక తాకితే చాలు, రక్తం.

పాచి పోకపోతే ఈ గలాటా ఆగదు. న్యూట్రోఫిల్స్ వదిలే ఎంజైములు, ఫైబ్రోబ్లాస్టులనే చిగురు కణాలు చేసే ఎంఎంపీ ఎంజైములు పంటిని పట్టుకున్న కొల్లాజెన్ పోగుల్ని కోస్తాయి. ర్యాంక్‌ఎల్ అనే కబురు ప్రోటీన్ పెరిగి ఎముకను తినే ఆస్టియోక్లాస్టు కణాలు తయారవుతాయి. అంటే ఎముకను కరిగించేది బ్యాక్టీరియా కంటే ఎక్కువగా మన ఒళ్ళే. చెయ్యి విరిగితే పక్కనే పుత్తూరు కట్టు ఉంది. పంటి చుట్టూ కరిగిన ఎముకకు ఏ కట్టూ లేదు.

ఈ బ్యాక్టీరియా గుంపులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. ఉండేది కొద్దిగానే. దానికి ఇనుమున్న హీమ్ కావాలి. అంటే చిగురు కార్చే రక్తమే దానికి మేత. జింజిపైన్లనే ఎంజైములతో ఇంటర్‌ల్యూకిన్ 8ని ముక్కలు చేసి, తెల్లకణాలకు దారి తప్పిస్తుంది. అయినా ఒంటరిగా ఏమీ చేయలేదు. 2011లో వచ్చిన పరిశోధనలో, క్రిములే లేకుండా పెంచిన ఎలుకల్లోకి దీన్నొక్కదాన్నే ఎక్కిస్తే ఎముక కరగలేదు. మిగతా క్రిములు తోడుంటేనే నష్టం.

ఇదంతా మొదలవడానికి ఏళ్ళు పట్టదు. 1965లో హారాల్డ్ లో, ఆయన సహచరులు 12 మందితో పళ్ళు తోమడం మాన్పిస్తే 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక దాదాపు వారంలో తగ్గాయి. ఎముక దాకా పోకముందు ఇది వెనక్కి తిరిగే దారి.

అందుకే 6 వచ్చినాయనకి, రక్తం వచ్చే ఆ పక్కే ముందు తోమమని చెప్పాను. మెత్తటి బ్రష్షు, కుచ్చు మొనలు 45 డిగ్రీల వాలుతో గాడి వైపు. రెండేసి పండ్ల దగ్గర ఆగి చిన్నగా పది సార్లు ఊపాలి, రుద్దకూడదు. మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తుంది, రానీ. వేపపుల్లకి నేను అడ్డం చెప్పను, కానీ దాని కుచ్చు సందుల్లోకి పోదు, సందు బ్రష్షు వేరే కావాలి. ఉప్పూ బొగ్గూ మాత్రం వద్దు, పంటి మెడ అరుగుతుంది.

గార, అంటే గట్టిపడిన పాచి, అయితే బ్రష్షుకు రాదు, పరికరంతో గీకి తీసే స్కేలింగే. కింది ముందుపండ్ల లోపలి పక్క ఎక్కువ పడుతుంది, లాలాజల నాళాలు తెరుచుకునేది అక్కడే మరి. "క్లీనింగ్ చేస్తే పండ్లు వదులవుతాయి" అని వాళ్ళమ్మ అన్నదట. వాపు దిగి, గార పోయాక సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లనీళ్ళు జివ్వుమంటాయి. గార పట్టి ఉంచిన పన్నైతే కదిలినట్టూ ఉంటుంది. ఎముక పోయింది అంతకు ముందే.

0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిముల్ని చంపే మందునీళ్ళు) 10 మి.లీ., ఒక నిమిషం పుక్కిలింత, రోజుకు రెండుసార్లు, రెండు వారాలకు మించి వద్దు. పండ్లకు గోధుమరంగు పడుతుంది, రుచీ మారుతుంది. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాని పనిని చెడగొడుతుంది, అరగంట ఆగాలి. మాత్రలు రాయమని అడిగాడు. పాచి పొర కదలకుండా యాంటీబయాటిక్ వేస్తే లోపలున్న వాటికి పెద్దగా తగలదు.

పోతూ పోతూ చెప్పాడు, షుగర్ ఉందట, సిగరెట్టూ ఉందట. ముందే అడగాల్సింది. పొగాకు రక్తనాళాల్ని బిగిస్తుంది, చిగురు తక్కువగా కారుతుంది. ఆయన రక్తం చూసింది ఒక పక్కే, కానీ రెండో పక్క కూడా 5 ఉంది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) రిపోర్టు తెమ్మన్నాను. వచ్చే వారం కుడి పక్క స్కేలింగ్, ఆరు వారాలకి మళ్ళీ ప్రోబ్.