పాలు పట్టని గుడ్డ

మంగళవారం.

మూడింటికే మెలకువ. మాత్ర వేసుకున్నా ఈ మధ్య ఇంతే. ఎవరో తట్టి లేపినట్టు లేస్తాను, లేచీ లేవగానే గుండెదడ. ఐదు దాకా పొర్లి పొర్లి, ఇక లాభంలేదని వరండాలో చాప వేసి కలంకారీ గుడ్డ ముందేసుకున్నాను.

శ్రీకాళహస్తిలో నేర్చుకున్నది కాస్తే. దేవుళ్ల బొమ్మలు నాకింకా రావు. వెదురు పుల్లకు గుడ్డపీలిక చుట్టి, దారంతో బిగించిన కలం పట్టుకోవడం మాత్రం చేతికొచ్చింది. తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు కుండలో పోసి 20 రోజులు మురగబెట్టిన రంగు నాది. ఆ వాసనకు అమ్మ దాన్ని వంటింటి దరిదాపులకు రానివ్వదు. కలంలోంచి దిగేటప్పుడు ఆ రంగు పలచగా, ఎందుకూ పనికిరానట్టు ఉంటుంది. కరక్కాయ పట్టించిన గుడ్డకు తగిలితే చాలు, నల్లబడిపోతుంది. వగరుకీ ఇనుముకీ పడిన ముడి అది. చెరపడానికి ఉండదు.

బావి గీస్తున్నాను. నెలరోజులుగా అదే. డాక్టరుగారు "ఎలా ఉందమ్మా?" అంటే "పర్లేదండీ" తప్ప నోటికి రాదు. బావిలో ఉన్నానని చెప్పాలంటే సిగ్గు, మరీ సినిమా డైలాగులా ఉంటుంది. గీస్తే ఆ సిగ్గు లేదు, ఎందుకో.

మూడో వరస రాళ్ల దగ్గర గీత పాకేసింది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టిన రోజు నాకు ఓపిక లేదు. ఒక మూల సరిగ్గా తడిసినట్టు లేదు. పాలు పట్టనిచోట రంగు ఆగదు. కలం విసిరేశాను. ఏడుపొచ్చింది. గుడ్డమీద కోపానికి అంత ఏడుపా, అదీ తెలుసు.

అమ్మ కాఫీ తెచ్చి వంగి చూసింది.

"ఏందే ఇది, వేర్లా?"

"బావిమా."

"అదే. మన ఊరి బాయిలో రావి వేర్లు దిగి రాళ్లు ఊడిపోయినాయి కదా, గుర్తులేదా?"

గుర్తుంది. పాకిన మరకల్ని వేర్లుగా లాగాను, ఎనిమిది దాకా. బొమ్మలేస్తే మనసు తేలికవుతుందంటారు. నాకైతే పది కల్లా బరువు మళ్లీ వచ్చి కూర్చుంది. స్నానం ఈ రోజూ వాయిదా. ఆ గంటసేపు దడ మాత్రం లేదు, లేదా ఉన్నా నేను చూసుకోలేదు.

శుక్రవారం ఆసుపత్రి. గుడ్డ మడిచి చీటీల సంచిలో పెట్టాను. తీసి చూపిస్తానో లేదో.

సాయంత్రం అమ్మ కుండకు మూతపెట్టి పైన రాయి పెట్టింది. బెల్లానికి చీమలొస్తాయట.