పాలక్కకు ఫోను చూపించాను

అందరూ పడుకున్నారు. ఏం చేస్తున్నావని ఆయన అడిగితే జూన్ లెక్క ముగిస్తున్నానని చెప్పాను. అది సగమే నిజం. లెక్క సాయంత్రం ఏడింటికే తేలిపోయింది. పొద్దున గేటు దగ్గర జరిగినదే ఇంకా గొంతులో అడ్డం పడి ఉంది.

నెలాఖరు కదా అని నిన్న రాత్రి మా ఖర్చుల యాప్ తెరిచాను. తెర పగిలిన పాత ల్యాప్‌టాప్ మీద, మూలగదిలో నడుస్తున్నదే; ఫోనులోంచి కూడా తెరుచుకుంటుంది. పాల పద్దు కింద జూన్ నెలకు సున్నా ఉంది. మే నెలకు 4,880 ఉంది. మాకు రోజుకు లీటరు, లీటరు 80 రూపాయలు. ముప్పై రోజుల నెలకు 2,400, ముప్పై ఒక్క రోజుల నెలకు 2,480 అవుతుంది, అంతకు మించదు. అంటే మేలో రెండుసార్లు ఇచ్చేశాం, జూన్ డబ్బులు ముందుగానే వెళ్లిపోయాయి, రేపు ఒకటో తారీఖున ఇవ్వవలసింది ఏమీ లేదు. అలా తేల్చేసుకుని హాయిగా నిద్రపోయాను. ఆ హాయిని తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పొద్దున పాలు పోయించుకుంటూ అనేశాను. "అక్కా, మే నెలలో రెండుసార్లు తీసుకున్నావు. రేపు ఇవ్వవలసింది లేదు."

"లేదు అమ్మాయిగారూ. మే మొదట్లో ఇచ్చినవి ఏప్రిల్ డబ్బులు. మే డబ్బులు జూన్ ఒకటో తారీఖున చీకటితో ఇచ్చారు. మీ చేత్తోనే ఇచ్చారు."

"ఇందులో రాసి ఉంది" అని ఫోను తీసి ఆమె ముందు పెట్టాను.

కింది వాటావాళ్లు ముగ్గు వేసుకుంటున్నారు. చేతులు ఆగాయి. పాలక్క ఫోను వంక చూసింది, నా వంక చూసింది. "పెద్దమ్మగారి క్యాలెండరు ఒకసారి చూడండి" అని క్యానుకు మూత పెట్టుకుని వెళ్లిపోయింది. రోజూ పోసే కొసరు ఈరోజు పోయలేదు. మరిచిపోయిందని అనుకోవాలని ఉంది.

వంటగది తలుపు వెనక క్యాలెండరులో మే 2 గడిలో అమ్మ అక్షరాలు: పాలు 2400, ఏప్రిల్. ఒకటో తారీఖున మేమంతా విజయవాడ పెళ్లిలో ఉన్నాం, అందుకని రెండున ఇచ్చాం. జూన్ 1 గడిలో: పాలు 2480. అమ్మ ఏమీ అనలేదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఆఫీసులో రోజంతా అదే ధ్యాస. సాయంత్రం వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో దొరికింది. మొత్తం ఎంత, దేనికి అని రాసి నొక్కితే తారీఖు యాప్ తనంతట తానే వేసుకుంటుంది. యాప్ ఉండేది డాకర్ కంటైనర్‌లో, అంటే ఒక ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టెలాంటి దానిలో. ఏ ప్రాంతపు సమయమో మనం విడిగా చెప్పకపోతే కంటైనర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఆధారంగా పెట్టుకున్న ప్రామాణిక సమయంలో, నడుస్తుంది. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. కాబట్టి మనకు అర్ధరాత్రి దాటినా, తెల్లవారుజామున అయిదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. పాలక్క వచ్చేది 4:50కి. జూన్ 1న నేను డబ్బులిచ్చి, అక్కడే గేటు దగ్గర నిలబడి ఫోనులో రాసినప్పుడు దాని లెక్కలో మే 31, రాత్రి 11:20. పద్దు మేలోకి వెళ్లి కూర్చుంది.

వెనక్కి వెళ్లి చూస్తే ఇది ఈ ఒక్క నెల సంగతి కాదు. పద్నాలుగు నెలల్లో దాదాపు ప్రతిసారీ పాల డబ్బులు ముందు నెలాఖరున పడ్డాయి. ఒకేలా వెనక్కి జరిగాయి కనుక నాకు కనబడలేదు. పెళ్లి వల్ల ఒకసారి వరుస తప్పేసరికి బయటపడింది. విజయవాడకు తొలి బస్సు పట్టుకున్న రోజుల టికెట్లు కూడా అన్నీ ముందురోజు మీదే ఉన్నాయి.

కోపం వచ్చిన మాట నిజం. ఎవరి మీదో తెలియని కోపం. యాప్ నేను పెట్టుకున్నది, సమయం చెప్పనిది నేను. మరి ఫోనులో దొరికే యాప్‌లు వదిలేసి ఇంత కష్టం ఎందుకు తెచ్చుకున్నావని ఆయన అడిగారు, ఏడాది క్రితం అడిగినట్టే. ఎందుకో నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. అంతకు ముందు వాడిన యాప్ బ్యాంకు నుంచి వచ్చే ప్రతి సందేశమూ చదివేది. రికరింగ్ డిపాజిట్‌లో నేను నెలనెలా వేసుకునే డబ్బును ఖర్చని రాసేది. చేతికి చేయి ఇచ్చే నోట్ల సంగతి దానికి పట్టదు. పాలు, పూలు, పనమ్మాయి జీతం, గుడిలో హారతి పళ్లెం, ఇవేవీ లేవు దానికి. మూడో నెలలో "మీకు మూడు లక్షల అప్పు సిద్ధంగా ఉంది" అని రాత్రి పదకొండింటికి సందేశం పంపింది. అమ్మ కంటి ఆపరేషన్‌కు డబ్బు కట్టిన రోజే అది. మా ఇంట్లో ఏ రోజు చేతిలో డబ్బు తగ్గిందో బయటి మనిషికి తెలిసిపోయింది, తెలిసిన వెంటనే వల వేశాడు. ఆ రాత్రే అది తీసేశాను. దాని గురించి ఇన్ని వాక్యాలు రాయాలనుకోలేదు. అయినా ఇంకా చల్లారలేదు.

తరువాత ఫైర్‌ఫ్లై త్రీ పెట్టాను, సొంత కంప్యూటరులోనే నడుపుకునే జమాఖర్చుల సాఫ్ట్‌వేర్. అది గొప్పది. ప్రతి రూపాయీ ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో రెండు వైపులా రాస్తుంది, నాన్న పుస్తకాల్లాగే. కానీ కరివేపాకుకు ఇచ్చిన పది రూపాయలకు రెండు ఖాతాలు వెతకడం ఇంట్లో మరెవరి వల్లా కాలేదు. అందుకే ఈ చిన్నది. ఒకే పేజీ, నాలుగు గడులు, మొత్తం సమాచారం ఒకే ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైలులో. ఆదివారం ఆదివారం ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే సరిపోతుంది. మా జమాఖర్చు గుంటూరు బ్రాడీపేటలోని మా గడప దాటదు. ఈరోజు ఇంత జరిగినా దీన్ని వదలాలని లేదు.

నాన్న గుర్తొచ్చారు. రాకుండా ఎలా ఉంటారు. చుట్టుగుంట మిర్చి యార్డులో కమీషను కొట్టు గుమాస్తా. పగలంతా చిట్టాలో జరిగింది జరిగిన వరుసలో రాసేవారు, రాత్రికి దాన్ని ఆవర్జాలోకి మనిషి పేరు మీద ఎక్కించేవారు. సీజనులో ఇంటికి వచ్చేసరికి చొక్కాలోంచి మిరప ఘాటు కొట్టేది. నేను ఏడో తరగతి. ఒక రాత్రి ఆవర్జా ఇంటికి తెచ్చుకున్నారు. 63 రూపాయలు తేడా. అమ్మ అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచింది.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆరూ మూడూ ఎంత?" అన్నారు. తొమ్మిది అన్నాను. "అయితే 63 తొమ్మిదో ఎక్కంలోది. ఎక్కడో రెండంకెలు తారుమారై ఉంటాయి. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది." నేను నమ్మలేదు. నోటుపుస్తకం వెనక 52లోంచి 25 తీసేశాను, 27. 71లోంచి 17 తీసేశాను, 54. ఎన్నిసార్లు చేసినా అంతే. "63ను తొమ్మిదితో భాగిస్తే ఏడు. ఏడు తేడా ఉన్న అంకెలు పక్కపక్కన ఎక్కడున్నాయో చూడు" అన్నారు. పేజీలు తిప్పాం. నేనే పట్టుకున్నాను. సత్తెనపల్లి వైపు రైతు ఒకాయన పట్టీలో, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీలో, తగ్గించుకున్న కోత 729 రూపాయలు, ఆవర్జాలో 792 అని ఎక్కింది. రెండు, తొమ్మిది.

నాన్న దాన్ని చెరపలేదు. తప్పు అంకె మీద ఒకే ఒక్క అడ్డగీత, కింద అంకె చదవడానికి వీలుగా. పైన 729, పక్కన పొడి సంతకం. మర్నాడు ఆ రైతు డబ్బుకు వచ్చినప్పుడు నీ పేరున 63 రూపాయలు తప్పుగా కోశాను, దిద్దాను అని గీత కొట్టిన చోటు చూపించి చెప్పారట. ఆ రైతుకు అసలు తెలియదు. అడిగిందీ లేదు. యజమాని తరువాత విసుక్కున్నాడని అమ్మతో చెబుతుంటే విన్నాను.

ఈరోజు నేను కూడా 2,480 అంకెలు కూడాను. పద్నాలుగు. తొమ్మిదితో తెగదు. తారుమారు కాదు, పద్దు పద్దంతా ఇల్లు మారింది.

ఎనిమిది గంటలప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను, యూటీసీతో సహా. శ్రద్ధగా విని, "దానిదేమీ తప్పు లేదే. సూర్యోదయం కాకుండా రోజు ఎక్కడ మారుతుంది? చీకటితో ఇచ్చింది నిన్నటి లెక్కే" అంది. నిజమే. పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతోనే. ఈ రోజుల్లో మనకు సూర్యుడు వచ్చేది అయిదున్నర దాటాక. లండన్‌లోని గ్రీనిచ్ దగ్గర గీసిన గీత ప్రకారం నడిచే గడియారమూ, అమ్మ పంచాంగమూ దాదాపు ఒకే ఘడియలో రోజు మార్చుకుంటున్నాయి! ఎంతో సంతోషం వేసింది. అయితే ఏమీ మార్చనక్కరలేదు, ఇలాగే ఉంచేద్దాం అనుకున్నాను. అరగంట అలాగే అనుకున్నాను.

తరువాత క్యాలెండరు మళ్లీ చూశాను. పంచాంగం చెప్పిన అమ్మే 2480ని జూన్ 1 గడిలో రాసుకుంది. జీతం, అద్దె, పాలు, బడి ఫీజు, ఇవన్నీ ఒకటో తారీఖు మనుషులవి. పాలక్కకు దాణా కొట్టువాడు బాకీ అడిగేది కూడా ఒకటినే. ఆమె రోజు ఆమె గేటు దగ్గరికి వచ్చినప్పుడే మొదలైపోయింది. ఆమె డబ్బు తారీఖును ఎవరి సూర్యుడి ప్రకారమో నేను నిర్ణయించడం ఏమిటి?

అందుకని సెట్టింగుల్లో మన సమయానికి గుర్తుగా ఏషియా/కోల్‌కతా అని ఒక్క వరుస చేర్చి కంటైనర్‌ను మళ్లీ మొదలుపెట్టాను. పాత పద్దుల తారీఖులు అన్నీ ఒక్క ఆదేశంతో దిద్దేయవచ్చు, ఫైలు నా చేతిలోనే ఉంది. రాసుకున్నాను కూడా, నొక్కబోయి ఆగాను. దిద్దితే గీత కూడా మిగలదు. పద్నాలుగు నెలలూ సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. పాతవాటిని ముట్టుకోలేదు. మే 31 పద్దు కింద ఖాళీ గడిలో మాత్రం రాశాను: ఇది జూన్ 1 తెల్లవారుజామున ఇచ్చినది, తారీఖు నా తప్పు వల్ల మారింది.

గడియారం పన్నెండు దాటింది. జూలై ఒకటి. యాప్ కూడా ఇప్పుడు జూలై ఒకటనే చూపిస్తోంది. జూన్‌కు ముప్పై రోజులు, 2,400. కవరులో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను. అమ్మ ఈరోజు గడిలో ఇంకా ఏమీ రాయలేదు, ఇచ్చాకే రాస్తుంది. నాలుగున్నరకు అలారం పెట్టుకున్నాను. పాలక్కకు చెప్పవలసింది కింది వాటావాళ్లు ముగ్గుకు బయటికి వచ్చాకే చెప్పాలి. అప్పటిదాకా ఆమెను కాసేపు ఆగమని అడుగుతాను.