తంగేడు పూల రుద్రమ

"కిరీటం లేదేమిటండీ?" అన్నాను బొమ్మ ముందు నిలబడి. గీసిన ఆవిడ నవ్వి, తలలోని పూలు చూపించారు. తంగేడు పూలు!

రుద్రమదేవి అట. గుర్రం లేదు, కత్తి లేదు. చెమటకు కుంకుమ కరిగి కనుబొమ్మ మీదకు సన్నగా జారింది. ఆ ఎర్రటి చార దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వచ్చే మా మేనత్త ముఖం అచ్చం ఇంతే.

రుద్రమ మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం మా నల్లగొండ జిల్లా చందుపట్లలోనే ఉంది. నకిరేకల్ మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో! ఒక్కసారీ దిగలేదు, సిగ్గుగానే ఉంది.

పక్క బొమ్మల్లో తామరపూలతో అందమైన అమ్మాయిలు. బాగానే ఉన్నారు, క్యాలెండరుకు సరిపోతారు.

తిరుగు దారి పొడవునా తంగేడే. ఇన్నాళ్లూ బతుకమ్మ పండుగకే గుర్తొచ్చేది.