మూడు కంప్యూటర్లు, ఒక శుభలేఖ

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో నేను డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) కొట్టు పెట్టి 19 ఏళ్లయింది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అమ్మవారి పండుగల పోస్టర్లు, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకునే కవుల పుస్తకాలు, అన్నీ ఒక్క బల్ల మీదే తయారవుతాయి. ఆ బల్ల మీది కంప్యూటర్ హుద్‌హుద్ తరువాత కొన్నది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. గాలికి షట్టరు వంగిపోయి, జల్లు లోపలికి కొట్టి, అంతకు ముందున్న మెషీన్ తడిసి ముద్దయింది. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చిన వారానికి అప్పు చేసి దీన్ని కొన్నాను. ఇంటెల్ 4వ తరం ఐ5. పదకొండేళ్లు నాకు అన్నం పెట్టింది.

అది ఇప్పటికీ ఆగిపోలేదు. కాని 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే ఇంటెల్‌లో 8వ తరం, ఆపై ప్రాసెసర్ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. నా మెషీన్‌కు ఆ యోగ్యత లేదు. సరిగ్గా అదే సమయంలో మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చి ల్యాప్‌టాప్ అడిగాడు. రిటైరైన తెలుగు మాస్టారు మా నాన్నగారు, తన చిన్ననాటి సంగతులు టైపు చేసుకోవడానికి ఏదైనా చూడమన్నారు. ఇంట్లో మూడు అవసరాలు ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఏది కొనాలని అడిగితే ప్రతి ఒక్కరూ తాము వాడేదే చెప్పారు. ద్వారకానగర్‌లో ఒక దుకాణంలో నా పని ఏమిటని అడగకుండానే ఆటలు ఆడుకునే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌కు బిల్లు రాయబోయారు. నాకు కోపం వచ్చింది. శుభలేఖ కూర్చడానికి ఆ కార్డుతో ఏం పని? ఇంటికి వచ్చి, ఎవరి మాటా వినకుండా ఒక పని చేశాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రాంలో 2011లో నేను చేసిన ఒక శుభలేఖ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. దానితోపాటు అదే మేటర్‌ను వర్డ్‌లో పాత ఫాంటుతో ఒకటి, యూనికోడ్‌లో ఒకటి, చివరగా పీడీఎఫ్. మొత్తం నాలుగు ఫైళ్లు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా వాటిని తెరిచి చూడాలని నిశ్చయించుకున్నాను.

ఎందుకు శుభలేఖ అంటే, మా వృత్తి కష్టమంతా అందులోనే ఉంది. పైన "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని ఉంటుంది. ఆ "శ్రీ"ని "అను" అనే పాత ఫాంటులో ముక్కలుగా కూర్చుతాం. అక్షరం ఒకటి, క్రావడి ఒకటి, గుడిదీర్ఘం ఒకటి. క్రావడి తోక పక్క అక్షరానికి తగిలితే చేత్తో జరపాలి. ఈ ఫాంట్లు తయారైన కాలంలో కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. కంటికి కనిపించేది "శ్రీ", లోపల కంప్యూటర్ దాచుకున్నది ఏవో ఇంగ్లీషు గుర్తులు. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు తీసేస్తే చెత్త.

యూనికోడ్ అలా కాదు. అందులో "శ్రీ" అంటే నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫోనులోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా అవే నాలుగు. వాటిని కలిపి బొమ్మగా చూపించడం ఆ కంప్యూటర్ బాధ్యత. అయితే మా వీధిలో చాలామంది ఇంకా వదలని పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. దాని ఆఖరి రూపం 7.0 వచ్చింది 2001లో. తరువాత దాన్ని చేసే అడోబీ కంపెనీ ఇన్‌డిజైన్‌కు మారిపోయింది. ఆ ఇన్‌డిజైన్‌లో కూడా 2012 నాటి సీఎస్6 నుంచే మన ఒత్తులు, గుణింతాలు కుదురుగా నిలబడ్డాయి. పాత పద్ధతి ఇన్నేళ్లు బతికిందంటే కారణం ఇదే. సోమరితనం అనుకుంటే మా వాళ్లకు అన్యాయం చేసినట్టు.

మొదట మ్యాక్. మేనల్లుడి స్నేహితుడి మ్యాక్‌బుక్ ఎయిర్ ఒక సాయంత్రం అడిగి తెప్పించాను. నా పెన్‌డ్రైవ్ పట్టే రంధ్రమే దానికి లేదు, అడాప్టర్ కావలసి వచ్చింది. పీడీఎఫ్ తెరిచాను. ఇంత అందంగా నా శుభలేఖను నేనే ఎప్పుడూ చూడలేదు. ఒత్తుల సన్నని కొసలు కూడా విడివిడిగా, నల్లగా నిగనిగలాడాయి. యూనికోడ్ ఫైలూ అంతే. మ్యాక్‌లోనే వచ్చే తెలుగు ఫాంటు చదవడానికి హాయిగా ఉంది. తరువాత పాత ఫాంటు ఫైలు తెరిచాను. శ్రీరస్తు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యలో డాలరు గుర్తు. పెళ్లికూతురి పేరు ముందు "చి.ల.సౌ." కూడా కనిపించకుండా పోయింది. పేజ్‌మేకర్ ఫైలయితే తెరుచుకోనే లేదు. నిజానికి పేజ్‌మేకర్ పుట్టిందే మ్యాక్ కోసం, 1985లో. యాపిల్ లేజర్ ప్రింటర్, ప్రింటర్‌కు పేజీని వివరించే అడోబీ భాష పోస్ట్‌స్క్రిప్ట్, అప్పట్లో ఆల్డస్ అనే కంపెనీ చేసిన పేజ్‌మేకర్ ఈ మూడూ కలిసిన ఏడాది అది. మా వృత్తికి డీటీపీ అనే పేరు వచ్చింది ఆ కలయిక వల్లే. ఆ పుట్టింట్లో ఈ రోజు నా ఫైలుకు చోటు లేదని చూస్తే మనసు కలుక్కుమంది.

ఒకప్పుడు మ్యాక్‌లోనే పక్కన విండోస్ వేసుకునే ఏర్పాటు ఉండేది. 2020 నవంబరులో యాపిల్ సొంత ఎం1 చిప్పుతో మెషీన్లు వచ్చాక, ఆ చిప్పు ఉన్నవాటిలో ఆ దారి మూసుకుపోయింది. వర్చువల్ మెషీన్, అంటే మ్యాక్ లోపలే మరో కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాం, పెట్టుకుని విండోస్ నడిపించవచ్చు, కాని కొట్టులో మనిషి ఎదురుగా నిలబడి "అమ్మా, ఒక్క పేరు మార్చాలి" అంటున్నప్పుడు అంత తతంగం కుదరదు.

లినక్స్ సంగతికి వస్తే, నా పాత మెషీన్ మీదే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ అనే లినక్స్ రకాన్ని నడిపి చూశాను. హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా ఇలా రుచి చూడనివ్వడం దాని పెద్ద గుణం. అనుమానం ఉన్నవాళ్లు ఎవరైనా ఒక ఆదివారం ఈ పని చేయవచ్చు. పీడీఎఫ్, యూనికోడ్ రెండూ చక్కగా వచ్చాయి. లేజర్ ప్రింటర్‌ను అదే గుర్తుపట్టింది. నన్ను ఆశ్చర్యపరిచింది వేరొకటి: లిబ్రేఆఫీస్‌లోని డ్రా అనే ప్రోగ్రాం నా పేజ్‌మేకర్ ఫైలును తెరిచింది! గళ్లు, అంచులు చోటికి వచ్చాయి. ఆ ప్రోగ్రాం మ్యాక్‌లోనూ దొరుకుతుంది, ఆ సాయంత్రం నాకు తోచలేదు. కాని అక్షరాలు అవే చెత్త. ఫాంటు ఫైలు వేశాక చాలావరకు తెలుగుగా మారాయి గాని వరసలు విరిగాయి, క్రావడులు పక్కకు జరిగాయి. చదువుకోవడానికి పనికొస్తుంది, అచ్చుకు పంపడానికి పనికిరాదు.

అల్లిపురంలో నేను పని ఇచ్చే ప్రెస్సు వాళ్లు పీడీఎఫ్ తీసుకుంటారు, నిజమే. కాని ఆఖరి నిమిషంలో ముహూర్తం మారితే ప్లేటు తీసే ముందు వాళ్లే దిద్దుకోవాలి. అందుకు అసలు ఫైలు అడుగుతారు. పంచాంగం రాసే సిద్ధాంతిగారు అను ఫాంటులో పంపుతారు. కవులు ఫోనులో యూనికోడ్‌లో పంపుతారు. నా కంప్యూటర్ నా ఒక్కదానిది కాదు, నా చుట్టూ ఉన్న ఇంతమంది ఫైళ్లు దాని గుండా వెళ్లాలి. ఇది అర్థమయ్యాక కొట్టుకు విండోస్ తప్ప మరొకటి కుదరదని తేలిపోయింది. విడిభాగాలు ఎంచి బిగించిన డెస్క్‌టాప్, 16 జీబీ ర్యాము, ఎస్ఎస్‌డీ, అసలు లైసెన్సు ఉన్న విండోస్ 11 తీసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టమన్న డబ్బును మంచి మానిటర్‌కు, యూపీఎస్‌కు పెట్టాను. రోజుకు పది గంటలు అక్షరాలు చూసే కళ్లు నావి.

డెస్క్‌టాప్ అనడానికి ఇంకో కారణం మా సముద్రం. లాసన్స్ బే కాలనీలో మా పిన్నిగారింట్లో కిటికీ చువ్వలకు రంగు వేసిన రెండో ఏడాదికే తుప్పు వస్తుంది. కంప్యూటర్‌నూ ఆ ఉప్పుగాలి వదలదు. ఒకరోజు స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు, బీప్ బీప్ అని అరుస్తుంది. అప్పుడు పక్క మూత తీసి, ర్యాము ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దుతాను. రబ్బరు అంచు నల్లబడుతుంది. మెత్తని కుంచెతో పొడి దులిపి, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే పక్క గొళ్లాలు టక్కున పడతాయి. తెర వెలుగుతుంది. పావుగంట పని, రూపాయి ఖర్చు లేదు. మ్యాక్‌బుక్‌లో ర్యాము చిప్పుతోనే కలిసి ఉంటుంది, ఊడదీయడానికి లేదు. తరువాత పెంచుకోవడానికీ లేదు. అందుకే మ్యాక్ కొనేవాళ్లకు నా మాట ఒకటే: పాత సరుకులో 8 జీబీది చౌకగా వస్తోందని తీసుకోకండి, మొదటే 16 తీసుకోండి. అయితే ఎయిర్‌లో ఫ్యానే లేదు, బయటి గాలిని లోపలికి లాగదు. బీచ్ రోడ్డు పక్కన ఉండేవాళ్లకు అది చిన్న లాభం కాదు.

మా కాంప్లెక్సులోనే పెళ్లి వీడియోలు చేసే అబ్బాయి మ్యాక్ వాడతాడు. అతడు పనిచేసే ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ ప్రోగ్రాం కంప్యూటర్లన్నిటిలో మ్యాక్‌లో మాత్రమే ఉంది. అతడికి అదే సరైనది. పై అంతస్తులో లెక్కలు రాసే ఆయనకు ట్యాలీ కావాలి, అది విండోస్ ప్రోగ్రాం. వాళ్లిద్దరూ ఒకరికొకరు సలహా చెప్పుకుంటే ఇద్దరూ నష్టపోతారు.

మేనల్లుడికి మ్యాక్ మీద మనసు. "అత్తా, మా క్లాసులో మంచి కోడ్ రాసేవాళ్లందరి దగ్గరా అదే ఉంది" అన్నాడు. వాడి కోరికను నేను తేలిగ్గా తీసుకోలేదు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. ఐఫోనుకు యాప్‌లు చేస్తావా? చేస్తే మ్యాక్ తప్పనిసరి, అందుకు కావలసిన ఎక్స్‌కోడ్ ఇంకెక్కడా నడవదు. ఇప్పట్లో లేదన్నాడు. కాలేజీ ల్యాబులో ఏం చేస్తారు? సీ, జావా, పైథాన్. అవి మూడింటి మీదా నడుస్తాయి. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవాలని ఉందన్నాడు. ఎన్విడియా కార్డు మీద పనిచేసే "క్యూడా" (CUDA) అనే సాధనం ఇప్పటి మ్యాక్‌లలో లేదని వాడే వెతికి తెలుసుకున్నాడు. మెకానికల్ చదివే వాడి స్నేహితుడికి సాలిడ్‌వర్క్స్, సివిల్ పిల్లలకు రెవిట్ కావాలి, ఈ డిజైను ప్రోగ్రాములు రెండూ విండోస్‌వే. రెండు రోజులు ఆలోచించి విండోస్ ల్యాప్‌టాప్ తీసుకున్నాడు. అందులోనే లినక్స్ కూడా వేసుకున్నాడు, ఇప్పుడు విండోస్ లోపలే దాన్ని నడుపుకునే వీలుంది. వాడికి మ్యాక్ కొనలేదన్న చింత నాకు ఇంకా కొంచెం ఉంది. ఉద్యోగం వచ్చాక వాడే కొనుక్కుంటాడు.

హుద్‌హుద్ తరువాత కొన్న నా ఐ5 ఇప్పుడు పెదవాల్తేరులో నాన్నగారి గదిలో ఉంది. ఎస్ఎస్‌డీ వేసి, మింట్ ఎక్కించి, భాష తెలుగుకు మార్చాను. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలిపోయాయి. ఉన్న అనువాదాల్లో కొన్ని ఆయనకు నచ్చలేదు, పక్కన కాగితం మీద దిద్దుతున్నారు. ఆయనకు ఇన్‌స్క్రిప్ట్ మీటలు నేర్పాను. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు హల్లులు. ప్రభుత్వం నిర్ణయించిన పద్ధతి కాబట్టి విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ఎక్కడైనా ఉంటుంది. ఒకసారి నేర్చుకుంటే మెషీన్ మారినా చేతులు మారవు. మొదటి వారం "క్ష" రావడానికి క, పొల్లు, ష వరసగా కొట్టాలంటే నాన్నగారు తల ఊపి, "ఇది వ్యాకరణమే కదమ్మా, కొత్తేముంది" అన్నారు. నాకు డీటీపీ నేర్పినవాళ్లు ఎవరూ ఆ సంగతి ఇంత సూటిగా చెప్పలేదు.

తన పుస్తకానికి ఆయన ఎంచుకున్న ఫాంటు గిడుగు. సిలికానాంధ్ర అనే సంస్థ వాళ్లు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లలో అదొకటి, గురజాడ అనే మరొకటి కూడా ఉంది. మన వైపు మహానుభావుల పేర్లు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ఫాంటుతో ఆయన లినక్స్‌లో టైపు చేసిన పేజీని నేను కొట్టులో విండోస్‌లో తెరిస్తే ఒక్క ఒత్తు కూడా చెదరలేదు.

అది చూసిన రాత్రి నుంచి పాత శుభలేఖలను యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాను. మార్చే సాధనం ముక్కాలు పని చేసి పెడుతుంది. మిగిలింది నేనే ప్రూఫు చూసుకోవాలి, ముఖ్యంగా క్రావడులు, కింద రెండేసి ఒత్తులు వచ్చే చోట్లు. కొట్టు మూసే ముందు రోజుకు రెండు. 2011 నాటి ఆ శుభలేఖతోనే మొదలుపెట్టాను. ఆ పెళ్లికూతురు మొన్న వాళ్ల పాప అక్షరాభ్యాసం కార్డుకు వచ్చింది.