మోడెం కూసినప్పుడల్లా కాటా తప్పేది

2001లో బెంగళూరు పీణ్యాలో ఒక వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా) కంప్యూటర్‌కి సర్వీసు చూసేవాణ్ణి. ఓనరుది హిందూపురం. ఓ రోజు ఫోన్ చేసి, "ఏమప్పా, పద్దెనిమిది టన్నుల లారీకి బిల్లులో 1,860 కిలోలు పడింది. డ్రైవరు నవ్వుతాండాడు, ఇంక పార్టీ వచ్చి కొట్లాడేది ఒకటే తక్కువ" అన్నారు.

వెళ్లి చూస్తే కాటా డిస్‌ప్లేలో 18,460 సరిగ్గానే ఉంది. కంప్యూటర్లోకి వచ్చేసరికి మధ్యలో నాలుగు మాయం. అదీ అన్ని లారీలకూ కాదు, రోజుకి రెండు మూడింటికి.

అందరిలాగే నేనూ కాటా నుంచి కంప్యూటర్‌కి వచ్చే కేబుల్ మీద పడ్డాను. ఎస్పీ రోడ్డుకి వెళ్లి షీల్డున్న వైరు, తొమ్మిది పిన్నుల కనెక్టర్లు కొని, రాత్రి కూర్చుని సాల్డరింగ్ చేశాను. మర్నాడు మళ్లీ అదే తంతు. రెండు వైపులా స్పీడు సెకనుకి 9600 బిట్ల నుంచి 4800కి దించితే తప్పులు తగ్గాయి కానీ పోలేదు. దాంతో కేబుల్ మీద అనుమానం ఇంకా బలపడింది.

నాలుగు రోజులకి గానీ బుర్ర వెలగలేదు. వైర్లో గోల ఉంటే అంకెల బదులు పిచ్చి గుర్తులు రావాలి కదా! ఇక్కడ వచ్చిన అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి, కొన్ని రావడం లేదంతే. అంటే వైరు దాటాకే, కంప్యూటర్ లోపలే పోతున్నాయి.

ఆలోచిస్తూ కూర్చుంటే పక్కన గుమాస్తా ఇంటర్నెట్‌కి డయల్ చేశాడు. ఫోన్ లైను మీదుగా నెట్‌కి కలిపే మోడెం కీచుమంది. అదే నిమిషంలో స్క్రీన్ మీద బరువు ఓ అంకె తక్కువ చూపించింది. కట్ చేయించి మళ్లీ డయల్ చేయించాను. మళ్లీ తప్పింది!

విండోస్ 98 డివైస్ మేనేజర్లో ఇంటరప్టుల (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే లైన్ల) జాబితా తెరిస్తే 4వ నంబరు దగ్గర ఇద్దరున్నారు: కాటా ఉన్న కామ్1 పోర్టు, మోడెం ఉన్న కామ్3 పోర్టు. ఈ మోడెంలాంటి పాత ఐఎస్ఏ రకం కార్డులకి ఇలా ఒకే నంబరు పంచుకోవడం పనికిరాదు. ఒకే కాలింగ్ బెల్లుకి రెండు గదుల్లో స్విచ్‌లు పెట్టినట్టన్నమాట. ఒకరు నొక్కి పట్టుకునుంటే రెండోవాళ్లు నొక్కినా కొత్తగా మోగదు. మోడెం పట్టుకున్నప్పుడు కాటా పిలుపు ప్రాసెసర్‌కి వినబడలేదు. పోర్టులోని 16550 చిప్పు 16 అక్షరాలే దాచుకోగలదు. ఒక్కో అక్షరానికి పది బిట్లు, కాబట్టి 9600 స్పీడులో సెకనుకి దాదాపు 960 అక్షరాలు వస్తాయి, కాటా ఆగకుండా పంపుతూనే ఉంటుంది. 17 మిల్లీసెకన్లలో చిప్పు నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చేవి పోతాయి. 4800కి దించితే తప్పులు ఎందుకు తగ్గాయో అప్పుడు అర్థమైంది.

మౌసు కామ్ పోర్టుది కాదు, గుండ్రటి పీఎస్2 పిన్నుది కాబట్టి కామ్2 ఖాళీగానే ఉంది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) బోర్డు మీది ఆ పోర్టుని ఆపేసి, మోడెం కార్డు ఊడదీసి, దాని మీది జంపర్లు (పిన్నుల మీది చిన్న తొడుగులు) ఖాళీ అయిన కామ్2కి, ఇంటరప్టు 3కి మార్చాను. పది నిమిషాల పని. సాయంత్రం దాకా గుమాస్తాతో డయల్ చేయిస్తూనే ఉన్నాను, ఒక్క అంకె కూడా పోలేదు.

కొత్త కేబుల్ డబ్బులు మాత్రం నోరు తెరిచి అడగలేకపోయాను.