ఉత్తరంలో ఏముందో ముందే చెప్పేశారు

ఆదివారం, రాత్రి

ఇవాళ ఇంకో పనేదీ ముందుకు సాగలేదు. నాకెంతో ఇష్టమైన నవలని సిరీస్‌గా తీశారు. బట్టలు మడతపెడుతూ చూద్దామని మొదలుపెట్టాను. కాసేపటికి బట్టలు అలాగే ఉండిపోయాయి, అల్మరాలోంచి పుస్తకం చేతిలోకి వచ్చింది. ఒక సీను చూడటం, ఆపి ఆ అధ్యాయం చదవడం, సాయంత్రం దాకా ఇదే సరిపోయింది.

పుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నాయి. డైలాగులు కూడా చాలావరకు రచయిత్రివే. అయినా అది నేను చదివిన కథలా లేదు.

కారణం ఉత్తరం దగ్గర దొరికింది. నవలలో కథానాయికకి తండ్రి దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. చదివి, మడిచి దాచేసి, పక్క గదిలోకి వెళ్లి అందరితో మామూలుగా మాట్లాడుతుంది. అందులో ఏముందో మనకి చాలాసేపటి వరకు చెప్పరు. ఆ పేజీలన్నిటిలో మనం ఆమెని అనుమానిస్తాం, స్వార్థపరురాలు అనుకుంటాం. తర్వాత నిజం తెలిసి తల దించుకుంటాం. సిరీస్‌లో ఆ వెంటనే వచ్చే సీనులోనే ఆమె ఉత్తరాన్ని ఒక స్నేహితురాలికి చదివి వినిపిస్తుంది. నవలలో ఆ స్నేహితురాలే లేదు. ఇప్పుడు మొదట్నుంచీ ఆమె మీద జాలే. సంఘటన ఒక్కటీ పోలేదు, మనం పడాల్సిన సిగ్గు మాత్రం పోయింది.

అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మనసులో మాట తెర మీద ఎలా చూపిస్తారే? ఎవరో ఒకరితో చెప్పించాలి కదా" అంది. ఆ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ ఇక్కడ రచయిత్రి మనసులో మాట చెప్పనే లేదు కదా! చెప్పనిదాన్ని చెప్పించడం దేనికి? ఆ నటి ఉత్తరం మడిచి లోపల పెడితే చాలు, మిగతాది ఆమె ముఖం చూసుకునేది.

నవలకి న్యాయం చెయ్యడం అంటే ఏదీ వదలకపోవడం అనుకుంటే ఎక్కడా తేలదు. దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ 1924 నాటి 'గ్రీడ్' సినిమా కోసం ఫ్రాంక్ నోరిస్ నవలని దాదాపు పూర్తిగా తీశాడు. మొదటి కూర్పు సుమారు ఎనిమిది గంటలు వచ్చింది. స్టూడియో దాన్ని రెండు గంటల పైచిలుకుకి కోసేసింది. 'గాడ్‌ఫాదర్' సినిమాకి దర్శకుడు కొప్పొలా ఇంకోలా పనిచేశాడు. నవల పేజీలు చించి పెద్ద నోట్‌బుక్‌లో అంటించుకుని, ప్రతి సీనుకీ ప్రాణం ఎక్కడుంది, ఎక్కడ తప్పటడుగు పడొచ్చు అని రాసుకున్నాడు. గాయకుడు జానీ ఫాంటేన్ కథని బాగా తగ్గించేశాడు, మాఫియా పెద్ద వీటో పడుచు వయసు కథని 1974లో వచ్చిన రెండో భాగానికి జరిపాడు. ఇంత కత్తిరించినా అతని కొడుకు మైకేల్ మెల్లమెల్లగా మారిపోవడంలో తొందరపడలేదు. నా దృష్టిలో నవలకి న్యాయం చెయ్యడమంటే అది.

ఆ మెల్లదనం కోసమే రచయిత స్టీఫెన్ కింగ్ తన నవల ఆధారంగా తీసిన 'ద షైనింగ్' సినిమా మీద అంత బాధపడ్డాడు. నవలలో జాక్ మంచిగా ఉండాలని పాకులాడుతూ కొంచెం కొంచెంగా పతనమైపోయే తండ్రి. 1980లో క్యూబ్రిక్ తీసిన సినిమాలో అతను మొదటి సీను నుంచే తేడాగా ఉన్నాడని కింగ్ ఫిర్యాదు. 1997లో టీవీ కోసం తనే మళ్లీ రాసుకున్నాడు. క్యూబ్రిక్ సినిమా గొప్పదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ నవల చదివినవాళ్ల బాధ కూడా అబద్ధం కాదు.

తెరకి నిజంగా కష్టమైనవీ ఉన్నాయి. తమిళ నవల 'పొన్నియిన్ సెల్వన్'లో చోళ యువరాజు ఆదిత్య కరికాలుడి చావు ఎవరి చేతిలో అన్నది రచయిత కల్కి పూర్తిగా తేల్చకుండా వదిలేశాడు. అక్షరాల్లో ఆ చీకటి కుదురుతుంది. తెర మీదకి వచ్చేసరికి కెమెరా ఎక్కడో ఒకచోట నిలబడాలి, ఏదో ఒకటి చూడాలి. 2023లో వచ్చిన సినిమా రెండో భాగంలో ఆ క్షణం మన కళ్ల ముందే జరుగుతుంది. అక్కడ మణిరత్నం మీద నాకు కోపం లేదు.

రేపు మిగతా ఎపిసోడ్లు చూడాలి. నా టెన్షనంతా ముగింపు గురించే. నవల చివర్లో ఆమె ఇల్లు వదిలి వెళ్లిందో లేదో రాయలేదు. అలాగే వదిలేస్తే స్నేహితురాలి సంగతి కూడా మర్చిపోతాను. అక్క మాత్రం ఈసారైనా తేల్చి చెప్పేస్తే బాగుండు అంటోంది.