మూర్ఛ మాత్ర, లూపస్ లక్షణాలు

మూర్ఛకు కార్బమజెపైన్ అనే మాత్ర వాడటం మొదలుపెట్టిన రెండేళ్లకు ఉదయం పూట నా వేళ్ల కీళ్లు బిగుసుకుపోవడం, సాయంత్రానికి సన్నని జ్వరం రావడం మొదలైంది. మూర్ఛలు పూర్తిగా అదుపులో ఉన్నందున ఆ మాత్రను అనుమానించాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడెందుకు పడకుండా పోతుందన్నది నా వాదన. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్లు నొప్పి వచ్చాక చేయించిన రక్తపరీక్షల్లో యాంటీన్యూక్లియర్ యాంటీబాడీలు (సొంత కణాల కేంద్రకాలకే వ్యతిరేకంగా శరీరం తయారుచేసే ప్రోటీన్లు), ఆ తరువాత కణంలో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలు కనిపించాయి.

లూపస్ అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు; మందు వల్ల వచ్చే లూపస్ అని ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. ఫెనిటోయిన్, ఎథోసక్సిమైడ్ వంటి పాత మూర్ఛ మందులతోనూ ఇది అరుదుగా వస్తుందనీ, మందు మొదలుపెట్టిన నెలలకే కాక ఏళ్లకు కూడా బయటపడవచ్చనీ, అసలు లూపస్‌లా మూత్రపిండాల జోలికీ మెదడు జోలికీ సాధారణంగా పోదనీ వైద్యురాలు ఓపికగా వివరించారు.

ఆ రాత్రే మాత్ర మానేస్తానన్నాను. ఆమె గట్టిగా వారించారు. మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే తెరిపి లేకుండా మూర్ఛలు వచ్చే ప్రాణాపాయ స్థితి ఏర్పడవచ్చు గనుక, లెవెటిరాసెటమ్ అనే మరో మూర్ఛ మందును కొద్దికొద్దిగా పెంచుతూ పాతదాన్ని తగ్గిస్తూ వచ్చారు. ఆ సంధికాలమే నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది: ఒకవైపు కీళ్ల నొప్పి, మరోవైపు మళ్లీ మూర్ఛ వస్తుందేమోనన్న బెంగ. (ప్రతి చిన్న పోటునూ డైరీలో రాసుకున్నాను, ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది.) పాత మాత్ర పూర్తిగా ఆగిన ఆరు వారాలకు జ్వరం పోయింది, మూడు నెలలకు పిడికిలి బిగించగలిగాను. యాంటీబాడీలు మాత్రం రక్తంలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. లక్షణాలు పోయాక కూడా అవి చాలాకాలం ఉండవచ్చట.